ఒకటొస్తే ఒకటి పోవాలి

తాళాలాయనకి ఉన్న జబ్బు ఒక్కటే. ఇంట్లోకి ఒక వస్తువు వస్తే ఇంట్లోంచి ఒక వస్తువు బయటికి పోవాలి. కొత్త చీపురు కొంటే పాత చీపురు పోవడం అందరి ఇళ్లలోనూ ఉన్నదే. కొత్త చీపురు వచ్చిన రోజు దిండు పోవడం మాత్రం ఆ ఒక్క ఇంట్లోనే జరిగింది. "పాత చీపురు ఇంకా ఊడుస్తోంది కదా, దాన్నెలా పారేస్తాం?" అన్నాడట. ఆ రాత్రి ఆయన చెయ్యి మడిచి తలకింద పెట్టుకుని హాయిగా గురక పెట్టాడు. ఆయన పెళ్లాం మాత్రం ఆ కొత్త చీపురు వంక చూస్తూ తెల్లార్చింది.

కింద అచ్చాఫీసు, పైన రెండు గదులు, ఓ వంటిల్లు. అదీ ఆ కాపురం. వీధి చివర ఆయన తాళాల కొట్టు. ఊళ్లో సగం ఇళ్లకి తాళంచెవులు చేసింది ఆయనే. ఆయన ఇంటికి మాత్రం తాళం లేదు. "అదేమిటండీ?" అంటే, "దాచుకునేదేముంది?" అనేవాడు. పాపం, నిజమే. దొంగ వచ్చినా జాలిపడి ఏదో ఒకటి పెట్టి పోవాల్సిన ఇల్లది. పెడితే మళ్లీ తంటా. బదులుగా ఒకటి ఆ దొంగ చేతికిచ్చి పంపాలి!

ఈ జబ్బు పెళ్లినాడే బయటపడింది. కానుకల్లో ఏడు గోడగడియారాలు వచ్చాయి. కొత్త పెళ్లికూతురు మర్నాడు లేచి చూసేసరికి ఇంట్లో ఏడు గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి. స్నానానికి బకెట్టు లేదు, చెంబు లేదు, కూర్చోవడానికి పీట లేదు.

"ఏమండీ, స్నానం ఎట్లా చెయ్యను?"

"టైము చూసి చెయ్యి" అన్నాడు, నవ్వకుండా.

ఆమె ఆ ఏడింట్లో ఆరు చంకన పెట్టుకుని వీధిలోకి దిగింది. సాయంత్రానికి బకెట్టు, చెంబు, పీట, చేట, లాంతరు, ఓ తువ్వాలు పట్టుకొచ్చింది. లెక్క సరిపోయింది కాబట్టి మొగుడు కిక్కురుమనలేదు. ఆ జబ్బుతో కాపురం చెయ్యడం ఎలాగో ఆ పిల్లకి ఆ ఒక్కరోజులోనే తెలిసిపోయింది.

పాప పుట్టినప్పుడు మరీ చోద్యం. నర్సు బయటికొచ్చి "ఆడపిల్ల" అనగానే అక్కడున్న వాళ్లెవరో వేళాకోళానికి, "ఏమోయ్, ఇంట్లోకి ఒకరొచ్చారు. మరి పోయేదెవరు?" అన్నారు. ఆయన గడ్డం గోక్కుంటూ ఆలోచనలో పడ్డాడు. అంతే! నాలుగు నెలలుగా కూతురి దగ్గరే ఉన్న అత్తగారు ఆ పూటే పెట్టె సర్దుకుంది. "నేను ఆలోచించింది పాప పేరు గురించమ్మా" అని అల్లుడు ఎంత మొత్తుకున్నా వినలేదు. మెట్ల కింద నిలబడి, "తెలుసు నాయనా, తెలుసు" అంటూ వెళ్లిపోయింది. ఆ పాప ఇప్పుడు అదే ఆసుపత్రిలో నర్సు, ఉండేది కూడా అక్కడి హాస్టల్లోనే. అమ్మమ్మ మాత్రం ఇప్పటికీ ఆ ఇంటికొస్తే పూట కన్నా ఎక్కువ ఉండదు.

ఎదురింటి గుమస్తా ఒకడున్నాడు, ఈ జబ్బుని కనిపెట్టి దాని మీద బతుకుదామని చూశాడు. ఓ రోజు విరిగిన సబ్బుపెట్టె పట్టుకొచ్చి, "మీకని తెచ్చానండీ" అన్నాడు. పోతూ పోతూ నిక్షేపంలాంటి ముక్కాలిపీట చంకన పెట్టుకుని పోయాడు. మర్నాడు తాళాలాయన పెళ్లాం వీధిలో మూత లేని సీసా ఒకటి ఏరుకుని ఎదురింటికి వెళ్లింది. "అన్నయ్యగారూ, మీకని తెచ్చాను. మా ఇంటి రూలు మీకూ నచ్చినట్టుంది కదా" అని, ముక్కాలిపీట తీసుకుని తిరిగొచ్చింది. మరి పీట లోపలికి వచ్చింది కదా! బదులుగా సబ్బుపెట్టెని పంపేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. "పీట మనదే. ఊరికెళ్లొచ్చింది, అంతే. ఊరికెళ్లొచ్చింది లెక్కలోకి రాదు" అన్నాడు. అలా ఆ విరిగిన సబ్బుపెట్టె ఇంట్లో తిష్ఠ వేసింది.

ఇలాంటి కొంపకి పెద్దక్క వస్తోందని తెలిసేసరికి వీధి వీధంతా పనులు మానుకుని అరుగులెక్కింది.

పెద్దక్క అంటే తాళాలాయనకి తోడబుట్టిన అక్క. నలభై ఏళ్లు మెస్సు నడిపింది. పూటకి వందమందికి వండి, వందమందినీ తిట్టి, వందమంది చేతా ఇంకాస్త పెట్టమనిపించుకున్న మనిషి. మోకాళ్లు మొరాయించాక మెస్సు మూసేసి, తమ్ముడి దగ్గరికి బయల్దేరింది. మోకాళ్లు అరిగాయి గాని నోరు అరగలేదు. ఆవిడకి బంగారమూ లేదు, పొలమూ లేదు. ఉన్నవల్లా గిన్నెలే. చదువు లేని తను ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతికానని చెప్పుకోవడానికి ఆవిడ దగ్గరున్న సాక్ష్యం ఆ సామానే. దాన్ని తమ్ముడి రూలు మింగేస్తుందేమోనని దారి పొడుగునా ఆవిడ గుండె పీచుపీచుమంటూనే ఉంది. బండి దిగింది మాత్రం యుద్ధానికొచ్చినట్టు దిగింది.

బండి నిండా డేగిసాలు, మూకుళ్లు, జల్లెళ్లు, బేసిన్లు, పట్టకార్లు, అరచేతి వెడల్పు గరిటెలు. తమ్ముడు కళ్లజోడు పెట్టుకుని బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"అక్కా, మొత్తం ఎన్ని?"

"నలభై మూడు. నలభై రెండు ఇవి. గుండిగ ఈ బండిలో పట్టలేదు, వెనకాల వస్తుంది. ముందే చెబుతున్నాను ఒరే, నావాటిల్లో ఒక్క చెంచా గుమ్మం దాటినా నేను మళ్లీ ఇదే బండెక్కుతాను."

"నీవి ఒక్కటీ పోవక్కా."

"మరి నీ రూలో?"

"రూలు రూలే."

"అదెట్లా కుదురుతుందిరా? కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలంటే?"

తమ్ముడు నవ్వి మూట భుజానికెత్తుకున్నాడు.

"అది సరే. నేనొచ్చాను కదా, నాకు బదులు పోయేదెవరు?" అని వెనకనుంచి మళ్లీ అడిగింది, మరదలి వంక ఓరగా చూస్తూ.

"నువ్వు కొత్తగా వచ్చావా ఏమిటి? ఊరికెళ్లొచ్చావు. ఊరికెళ్లొచ్చింది లెక్కలోకి రాదు" అన్నాడు తమ్ముడు, మెట్లెక్కుతూ.

పెద్దక్క రోజుకి రెండు మూటల చొప్పున విప్పుకుంటూ, వంటింట్లో అరలు చాలక ముందుగదిలోకి, ముందుగది చాలక మంచాల కిందికి వచ్చింది. రోజూ పొద్దున్నే లేచి, సొట్ట పడిన చెంచా ఒకటి పట్టుకుని, ఒక్కొక్క గిన్నెనీ ఠంగుమనిపిస్తూ లెక్కపెట్టేది. చివర ఆ చెంచాతోనే తన అరచేతిలో కొట్టుకుని, "ఇదీ ఒకటి" అనుకునేది. ఠంగు ఠంగుమని వీధికంతా తెల్లవారేది. రోజూ నలభై రెండూ ఉండేవి. చెంచా కాదు కదా, మూత కూడా కదల్లేదు.

లెక్క కుదిరాక నెమ్మదిగా మెట్లు దిగి, ఎదురుగా ఉన్న టీకొట్టుకి వెళ్లేది. టీకొట్టావిడ గబగబా చేతుల కుర్చీ ఒకటి తుడిచి వేసేది. పెద్దక్క అందులో దర్జాగా వెనక్కి వాలి, గ్లాసు అందుకుని మొదలుపెట్టేది.

"చూశావుటే? ఊరంతా భయపడే రూలు నా దగ్గర తోక ముడిచింది. వాడు నాకు తమ్ముడు కానీ నేను వాడికి తమ్ముడినా? నలభై రెండూ నలభై రెండే! ఒక్కటీ కదల్లేదు."

"అవునక్కా, మీ ముందు నడుస్తుందా ఏమిటి" అనేది టీకొట్టావిడ. అని, పొయ్యివైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకునేది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఆ విషయం ఒక్కటీ మూడు వారాలు కడుపులో ఎలా దాచుకుందో ఆమెకే తెలియాలి.

ఇంట్లో మాత్రం పెద్దక్కకి ఒకటి రెండు వింతలు కనిపించాయి. తమ్ముడు నేల మీద కూర్చుని ఆకురాయితో తాళంచెవులు అరగదీసుకుంటున్నాడు.

"కుర్చీ ఏదిరా?"

"నేల మీదయితే నడుముకి మంచిదక్కా."

సాయంత్రం పాటలు వినే అలవాటున్నవాడు గమ్మున కూర్చుంటున్నాడు.

"రేడియో పెట్టవేం?"

"పొద్దస్తమానం కొట్టులో ఠకఠక. చెవులకి కాస్త విశ్రాంతి ఇద్దామని."

చాప మీద పడుకుంటున్నాడు. "ఎండాకాలం కదా, చల్లగా ఉంటుంది" అన్నాడు. తల దువ్వుకోవడం లేదు. "ఉన్న నాలుగు వెంట్రుకలకీ దువ్వెన ఎందుకు, పేరు పెట్టి పిలిస్తే వాటంతటవే పడుకుంటాయి" అన్నాడు. పెద్దక్క మరదలి వంక చూసింది. మరదలు కూరముక్కల వంక చూసింది.

"ఏమే, మీ ఆయనకి వయసు మీద పడుతోందే. చాదస్తం ముదురుతోంది."

"అవును వదినా" అంది మరదలు. ఆమె ముక్కలు తరుగుతున్న కత్తి కూడా నవ్వాపుకుంటున్నట్టే ఉంది.

నాలుగో వారంలో గుండిగ వచ్చింది. అది గిన్నె కాదు, ఇత్తడి గది. మెట్ల మలుపులో పట్టలేదు. కిటికీ చువ్వలు పీకి, తాళ్లు కట్టి పైకి లాగారు. గుమస్తా పైనుంచి లాగాడు, అచ్చాఫీసువాళ్లు కిందనుంచి తోశారు. పెద్దక్క రోడ్డు మీద నిలబడి అందర్నీ సమానంగా తిట్టింది. గుండిగ ముందుగదిలో చతికిలబడ్డాక ఇక ఆ గదిలో ఎవరైనా అడ్డంగా నడవాల్సిందే. మర్నాడు పొద్దున్న ఆవిడ చెంచాతో దాన్ని కొడితే ఊళ్లో ఏదో గంట మోగినట్టు మోగింది. నలభై మూడు! పెద్దక్క మొహం చాటంతయింది.

ఆ సంతోషంతోనే టీకొట్టుకని మెట్లు దిగింది. వీధిలో కాలు పెట్టిందో లేదో, ఎదురుగా సైకిలు మీద గుమస్తా వస్తున్నాడు.

సైకిలంటే ఏదో సైకిలు కాదు. తమ్ముడు తాళాల పని నేర్చుకుని వీధి వీధి తిరిగే రోజుల్లో, మెస్సు మొదలెట్టిన ఎనిమిదేళ్లకి పెద్దక్క కొనిపెట్టిన సైకిలు. హ్యాండిలుకి ఆవిడ తన చేత్తో చుట్టిన ఎర్ర గుడ్డ ఇంకా ఉంది. ముప్పై ఏళ్లకి పైగా ఆ సైకిలు మీద తమ్ముడు తప్ప మరో మనిషి ఎక్కలేదు.

"ఆగరా దొంగా!" అని పెద్దక్క రోడ్డుకి అడ్డం నిలబడింది. మోకాళ్ల సంగతి మర్చిపోయింది. గుమస్తా కాళ్లు నేలకి ఆనించేలోపు హ్యాండిలు ఆవిడ చేతిలో ఉంది.

"సబ్బుపెట్టెవాడివి నువ్వే కదూ? పీటతో మొదలుపెట్టి సైకిలు దాకా వచ్చావా?"

"అయ్యో అక్కగారూ, దొంగతనం కాదండీ! ఆయనే ఇచ్చారు. రోజూ ఆఫీసుకి నడిచి వెళ్లి, ఆలస్యమై, పై ఆఫీసరు చేత చీవాట్లు తింటున్నానని. పైగా... ఇది మీ గుండిగ లెక్కండీ."

"గుండిగ లెక్కేమిటి?"

గుమస్తా బుద్ధి గుమస్తాదే కదా. భయంలో కూడా వరస తప్పకుండా అప్పజెప్పాడు. "మీ గుండిగ వచ్చింది, సైకిలు పోయింది. పెద్ద డేగిసాకి మంచం. అది అచ్చాఫీసు కాపలాదారుకి. మూకుడికి రేడియో. అది చెప్పులు కుట్టే తాతకి. జల్లెడకి గొడుగు, బేసినుకి చేతిగడియారం, పట్టకారుకి దువ్వెన..."

"మరి కుర్చీ?"

గుమస్తా టీకొట్టు వైపు చూశాడు. పెద్దక్కా చూసింది. చేతుల కుర్చీ, తుడిచి, సిద్ధంగా, ఆవిడ కోసమే వేసి ఉంది. టీకొట్టావిడ పొయ్యి వెనక దాక్కుంది. మూడు వారాలుగా తమ్ముణ్ని ఓడించానని పెద్దక్క చాటింపు వేసుకుంది తమ్ముడి కుర్చీలో కూర్చునే!

ఆవిడ ఆ రోజు టీ తాగలేదు. మెట్లెక్కి, గుండిగ పక్కనుంచి అడ్డంగా నడిచి, నేల మీద కూర్చుని అన్నం తింటున్న తమ్ముడి ముందు నిలబడింది.

"ఏరా, వస్తే పోవాలన్నది నీ రూలు. వచ్చినవి నావి. పోవలసింది నావి కదరా!"

"ఎవరివి పోవాలో రూల్లో లేదక్కా."

మరదలు వంటింట్లోంచి తొంగిచూసింది. "నా వస్తువుల జోలికి వస్తే మాత్రం ఊరుకోనని ముందే చెప్పాను వదినా. ఆయనవే ఇచ్చుకున్నారు. మీకు చెబితే ఒట్టు అన్నారు."

"నీకు మతి లేదురా? మంచం, కుర్చీ, గడియారం... ఆఖరికి నేను కొన్న సైకిలు కూడానా?"

"నాకు వస్తువులు లేకపోతే తేలిగ్గా ఉంటుందక్కా. నీకు లేకపోతే బరువుగా ఉంటుంది. ఎవరికి ఏది కుదిరితే అది." మజ్జిగ గ్లాసు ఎత్తి తాగి, చల్లగా అన్నాడు. "అయినా ఇది కొత్తా? ఆ గుండిగ మొదటిసారి మన గదిలోకి వచ్చిననాడు ఏం పోయిందో చెప్పు?"

పెద్దక్కకి ఇప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరికీ కలిపి ఒకే గది ఉన్న రోజులవి. గుండిగ లోపల పెడితే ఇంకొక పక్క వేసే చోటు లేకపోయింది. పదేళ్ల తమ్ముడు తన పక్కబట్టలు చుట్టుకుని బయటి వసారాలోకి వెళ్లిపోయాడు. "చల్లగా ఉంటుందక్కా" అన్నాడు. ఆ చలికాలమంతా చల్లగా ఉంటుందనే అన్నాడు. వంట హడావుడిలో ఉన్న అక్క అది నిజమేననుకుంది.

నలభై మూడు గిన్నెల వంకా ఆవిడ ఒకసారి చూసింది. తిండి తినేది ముగ్గురు. ఆ గిన్నెల్లో సగం మూడు వారాలుగా బోర్లించే ఉన్నాయి. వందమందికి వండిన గుండిగ, అలిగిన చుట్టంలా గది మధ్యన ఊరికే కూర్చుని ఉంది. దాన్ని చూస్తే మొదటిసారి ఆవిడకి గర్వం కాదు, జాలి వేసింది. పనిలేకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆవిడకి తెలుసు. తనూ అదే పని చేస్తోంది.

"చెయ్యి కడుక్కోరా. కిటికీ చువ్వలు పీకాలి" అంది.

గుండిగ వచ్చిన దారినే కిందికి దిగింది. దాని వెనక డేగిసాలు, మూకుళ్లు, బేసిన్లు, గుండిగతో కలిపి మొత్తం ముప్పై ఆరు, టీకొట్టు వెనకగదిలోకి నడిచాయి. మర్నాటినుంచి అక్కడ మధ్యాహ్నం భోజనాలు మొదలయ్యాయి. గరిటె తిప్పేది టీకొట్టావిడ, కూరలు తరిగేది మరదలు, చేతుల కుర్చీలో కూర్చుని నోరు తిప్పేది పెద్దక్క. అచ్చాఫీసు కాపలాదారు, చెప్పులు కుట్టే తాత, ఆఫీసు జనం అంతా అక్కడే తిని, అంతా తిట్లు తిని, ఇంకాస్త పెట్టమంటున్నారు. మోకాళ్లకి పని లేదు, నోటికి సెలవు లేదు. ఆవిడకి అంతకన్నా ఏం కావాలి?

సైకిలు మాత్రం గుమస్తా దగ్గరే ఉంది. ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదని తమ్ముడు పట్టుబట్టాడు. "అయితే వాడు రోజూ నిన్ను వెనక ఎక్కించుకుని కొట్టు దగ్గర దింపి పోవాలి" అని పెద్దక్క తీర్పు చెప్పింది. గుమస్తా ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే అన్నం ఎవరు పెడతారు?

మధ్యాహ్నం పూట ఆడవాళ్లిద్దరూ కిందే ఉంటున్నారు, ఇల్లు ఖాళీ. "ఇన్నేళ్ల మీద ఒక్కటడుగుతున్నాను. గుమ్మానికి ఒక తాళం తెండి" అంది పెళ్లాం. ఊరందరికీ తాళాలు చేసిన మనిషి తన ఇంటికి తాళం తెచ్చాడు. తెచ్చి, లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడ్డాడు.

పెళ్లానికి అర్థమైంది. లోపలికెళ్లి, ఎన్నో ఏళ్లుగా చూస్తున్న ఆ విరిగిన సబ్బుపెట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇంద. దీనికోసమే కాచుక్కూచున్నాను. ఇక లోపలికి రండి."

ఆయన కదల్లేదు. ఒక చేతిలో తాళం చూపించాడు, రెండో చేతిలో తాళంచెవి చూపించాడు. "ఇవి రెండు కదే?"

"ముప్పై ఆరు పోయాయి కదరా, రెండొస్తే కొంప మునుగుతుందా?" అని పెద్దక్క గయ్యిమంది.

"అవి ఊరికే పోయినవక్కా. వీటి కోసం పోలేదు."

పెద్దక్క అతని మొహంలోకి చూసింది. తర్వాత కొంగున దోపుకున్న సొట్ట చెంచా తీసింది. ఒక్క క్షణం అరచేతిలో తట్టి చూసుకుని, తమ్ముడి చేతిలో పెట్టింది.

"అక్కా! పొద్దున్నే లెక్క దేంతో పెడతావు?"

"మిగిలినవి ఆరేరా. ఆరింటికి చెంచా ఎందుకు, కళ్లు చాలవూ? లోపలికి తగలడు, అన్నం చల్లారిపోతోంది."

చెంచా టీకొట్టుకి చేరింది. మర్నాడు పొద్దున్నే టీకొట్టావిడ దాంతో గుమస్తా గ్లాసులో పంచదార కలుపుతుంటే ఠంగు ఠంగుమని పైదాకా వినబడింది. మంచం మీద పెద్దక్క కళ్లు మూసుకునే, అలవాటు కొద్దీ లెక్కపెట్టుకుంది. నలభై నాలుగు వచ్చింది.

"ఒకటెక్కువ తిప్పింది. చెయ్యి నొప్పి తప్ప దేనికి?" అని గొణుక్కుంటూ, తిట్టడానికి లేచి మెట్లు దిగింది.